ఆలస్యంగా మోగిన బజర్

టైలరమ్మ "ఆఁ" అంది. బజర్ మోగలేదు.

మోగడం మోగింది గానీ ఒక రెప్పపాటు ఆగి మోగింది. ఈలోపు నర్సు ఎగరేస్తున్న పసుపుపచ్చ గ్లైడర్ గుంజల వరస దాటి, ఎవరికీ అక్కర్లేనంత దూరం దూసుకుపోయి, అప్పుడు వెనక్కి తిరిగింది.

కొండ అంచున ఒకదాని వెనక ఒకటిగా రెండు గుంజలు పాతి ఉంటాయి. వాటి వెనక ముక్కాలిపీట వేసుకుని, ఒక కన్ను మూసి, రెండు గుంజలూ ఒకటిగా కనబడేలా తల నిలబెట్టుకుని చూడటం టైలరమ్మ పని. గ్లైడర్ ముక్కు గుంజకు తగిలినట్టు కనబడగానే "ఆఁ" అనాలి. పక్కన నిలబడ్డ క్లబ్బు కార్యదర్శి చేతిలో మీట ఉంటుంది. ఆమె నోట్లోంచి మాట పడీ పడకముందే ఆయన నొక్కాలి. కొండ నడుమ రిమోటు పట్టుకుని నిలబడ్డ మనిషికి బజర్ వినబడితేనే గ్లైడర్‌ను తిప్పాలని తెలుస్తుంది. అవతలి చివర కూడా ఇలాగే ఇద్దరుంటారు. ఇంజను లేని ఆ బొమ్మ విమానం, లోయలోంచి కొండవాలు మీదుగా ఎగదన్నే గాలి ఆసరాతోనే అటూ ఇటూ పది సార్లు తిరగాలి. ఎవరు తొందరగా ముగిస్తే వాళ్ళదే పైచెయ్యి. ఈ సీజను మొదలైన దగ్గర్నుంచి ప్రతి పోటీలోనూ ఆ ముక్కాలిపీట ఆమెదే. "సూదిలో దారం ఎక్కించే కన్ను నీది చెల్లెమ్మా, ఆ పని ఇంకెవరికిస్తాం?" అనేవాడు కార్యదర్శి. ఆమెకు ఆ మాట నచ్చేది. కన్నుకు పని చెబితే మనసుకు కాస్త విశ్రాంతి.

పసుపుపచ్చ గ్లైడర్ మళ్ళీ వచ్చింది. గాలిని కోసుకుంటూ వస్తుంటే పట్టుబట్ట చింపినట్టు చప్పుడు. "ఆఁ" అంది. మళ్ళీ అదే ఆలస్యం. ఈసారి ఆమె గుంజల మీంచి చూపు తీసి పక్కకు చూసింది. కార్యదర్శి బొటనవేలు మీట మీదే ఉంది. భోంచేసి పడుకున్న పిల్లిలా కదలకుండా ఉంది. అది మెల్లగా ఒళ్ళు విరుచుకుని, అప్పుడు కిందికి దిగింది.

మూడోసారి ఆమె "ఆఁ" అని గట్టిగా, కొండ అవతలికి కూడా వినబడేలా అరిచింది.

"వినబడుతోందిలే చెల్లెమ్మా," అన్నాడాయన, ఆమె వైపు చూడకుండా.

ఆమె ఇంకేమీ అనలేదు. అనొచ్చు. పీట మీంచి లేచి నిలబడి ఆట ఆపమనొచ్చు. లేవలేదు. గ్లైడర్ వస్తూనే ఉంది, ఆమె చెబుతూనే ఉంది, ఆ వేలు నిద్రపోతూనే ఉంది.

ఆఖరి పోటీకి క్లబ్బు తరఫున ముగ్గురు వెళ్ళాలి. ఆ పూట లెక్క తేలేసరికి మూడో చోటు టైలరమ్మ భర్తకు వచ్చింది. నర్సు ఒక వెంట్రుకవాసిలో వెనకబడింది. ఆమెను రిజర్వులో పెట్టారు. రిజర్వు అంటే అందరితో పాటు రావాలి, సామాను మొయ్యాలి, ఎవరికైనా జ్వరం వస్తే తప్ప ఎగరెయ్యకూడదు.

"చెయ్యి మొద్దుబారింది బావగారూ," అని నర్సు నవ్వింది, గ్లైడర్ రెక్కలు విప్పుతూ. టైలరమ్మను అక్కా అంటుంది కాబట్టి ఆయన బావగారయ్యాడు. "బజర్ విన్నాక తిప్పడం లేటైపోయింది. వరసగా రాత్రి డ్యూటీలు మరి."

లిఫ్టు మెకానిక్కు, అంటే టైలరమ్మ భర్త, తన ఎర్ర గ్లైడర్ తోకను గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"నువ్వు ఎగరేసినప్పుడు గాలి పడిపోయిందమ్మాయ్," అన్నాడు పొడుగాయన. స్కూల్లో భూగోళం చెప్పే ఆ పొడుగు మనిషిని అందరూ గాలి మాస్టారంటారు. గాలి గురించే మాట్లాడతాడు, మాట్లాడేదంతా గాలి కబుర్లే. "సరిగ్గా అప్పుడే పడిపోయింది. నీ తప్పేం లేదు."

"అవునవును, పడిపోయింది," అన్నారు మిగిలినవాళ్ళు. ఏ విషయంలోనూ ఒక్క మాట మీద నిలబడని క్లబ్బు అది. టీలో పంచదార దగ్గర కూడా తగువులాడుకునే మనుషులు గాలి విషయంలో మాత్రం ఎంత తొందరగా ఒప్పేసుకున్నారో అనిపించింది టైలరమ్మకు. ఆమె జుట్టు అప్పటికీ ముఖం మీదికి కొట్టుకుంటూనే ఉంది.

*

మర్నాడు సాయంత్రం ఆమె మిషను దగ్గర కూర్చుని ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గిస్తోంది. భర్త పనినుంచి వచ్చి, బూట్లు విప్పి, గోడవార బల్ల దగ్గర కూర్చున్నాడు. టీ గ్లాసు ఆయన మోచేతి పక్కనే పెట్టింది. ఆయన పేపరు కోసం చెయ్యి చాపాడు. గ్లాసు కింద పడి భళ్ళున పగిలింది.

"ఇదెప్పుడు పెట్టావ్?"

"మీరు చూస్తుండగానే పెట్టాను."

"అడ్డమొచ్చింది," అని నవ్వాడు. కూర్చున్నచోటే వంగి, గాజు పెంకులు ఏరబోయాడు. తన కాలి పక్కనున్న పెద్ద పెంకు వదిలేసి, ఎదురుగా ఉన్న చిన్న ముక్కలు మాత్రం జాగ్రత్తగా ఏరాడు. ఆమె చీపురు తెచ్చింది.

"మీరు లేవండి, కాలికి గుచ్చుకుంటుంది."

"కంటి చుక్కలు అయిపోయాయి. రేపు షాపువైపు వెళితే తెచ్చిపెట్టు."

"ఇంకా పొడిబారుతున్నాయా?"

"లిఫ్టు షాఫ్టుల్లో దుమ్ము. దానికే," అన్నాడాయన.

మందుల షాపు క్లబ్బు కార్యదర్శిదే. మర్నాడు మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి ఆయన ఒక ముసలావిడకు దగ్గు మందు సీసా మూతలో ఎక్కడిదాకా పొయ్యాలో గోటితో గీసి చూపిస్తున్నాడు. ఆవిడ మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ ఓపిగ్గా చూపించాడు. మంచివాడే. ఆ సంగతి టైలరమ్మకు తెలుసు. ఆమెకు జ్వరమొచ్చినప్పుడు షాపు మూసేసి మరీ ఇంటికొచ్చి మందిచ్చిన మనిషి. అందుకే ఏం అడగాలో ఎలా అడగాలో తెలియక దారంతా తనలో తనే మాట్లాడుకుంటూ వచ్చింది.

ముసలావిడ వెళ్ళాక అంది: "మీ బొటనవేలికి ఏమైందన్నయ్యా?"

ఆయన నిజంగానే బొటనవేలు చూసుకున్నాడు. "ఏమైంది?"

"మొన్న కొండ మీద నిద్రపోయింది."

ఆయన అరలోంచి చుక్కల సీసా తీసి కౌంటరు మీద పెట్టాడు. 

"ఇది దేనికి వాడుతున్నాడో తెలుసా చెల్లెమ్మా?"

"కళ్ళు పొడిబారుతున్నాయని."

"అలా చెప్పాడా నీకు?" ఆయన గొంతు తగ్గింది. "కంటి వెనక నరం ఎండిపోతోంది. పక్కలు ఇప్పటికే పోయాయి. ఎదురుగా ఉన్నది మటుకు కనిపిస్తుంది, గొట్టంలోంచి చూసినట్టు. పోయినది తిరిగి రాదు. ఉన్నదన్నా కాపాడుకుందామని ఈ చుక్కలు. అదీ ఎన్నాళ్ళో డాక్టరుకే తెలీదు."

టైలరమ్మ కౌంటరు అంచు పట్టుకుంది. అద్దం కింద రంగురంగుల మాత్రల డబ్బాలున్నాయి. వాటిని చూస్తూ నిలబడింది. పగిలిన గ్లాసు గుర్తొచ్చింది. పోయిన నెల తలుపు అంచు కొట్టుకుని కమిలిన భుజం గుర్తొచ్చింది. వీధిలో పక్కింటావిడ పలకరిస్తే మాట్లాడకుండా వెళ్ళిపోయాడని తను గట్టిగా మాట్లాడిన పూట గుర్తొచ్చింది.

"ఇదే వాడికి ఆఖరి సీజను," అన్నాడు కార్యదర్శి. "ఈ క్లబ్బు పెట్టిన మొదటి రోజు కొండెక్కినవాళ్ళం వాడూ నేనూ. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆఖరి పోటీకి వెళ్ళలేదు వాడు. ఎప్పుడూ ఒక అడుగు ఇవతలే ఆగిపోయాడు. నేను వేలు కాస్త బరువుగా వేశాను. అంతే. ఎవరి గొంతూ కొయ్యలేదు."

"ఆ అమ్మాయిది కోశారుగా."

"ఆ పిల్లకి వయసుంది. వచ్చే ఏడు ఉంది, ఆపై ఏడుంది. వాడికేముంది?"

ఆమె డబ్బులు తీసి కౌంటరు మీద లెక్కపెట్టింది.

"కావాలంటే చెప్పు. అందరికీ చెప్పు. వాడికి ముందు చెప్పు, నీ చోటు నీది కాదని. నీ నోరు, నీ ఇష్టం." సీసాను కాయితప్పొట్లంలో పెట్టి, మూతి రెండు మడతలు మడిచి, ఆమె చేతిలో పెట్టాడు. తనమీదున్న బరువు ఆమె చేతికి మార్చేసి తేలికపడ్డవాడిలా, "జాగ్రత్తగా వెళ్ళు చెల్లెమ్మా, ఎండగా ఉంది," అన్నాడు.

*

ఆ వారం మధ్యలో నర్సు వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. బట్టలకు ఆసుపత్రి వాసన ఇంకా వదల్లేదు. చంకలో పాత దుప్పటి చుట్టిన పసుపుపచ్చ రెక్క.

"సంచి చిరిగిపోయిందక్కా. ఎగరెయ్యకపోయినా తీసుకురావాలంటగా. దారిలో ఎక్కడన్నా గీసుకుపోతే నా ప్రాణం పోతుంది."

టైలరమ్మ రెక్కను నేల మీద గుడ్డ పరిచి పడుకోబెట్టింది. టేపు వేసి మొదలు దగ్గర, నడుమ, కొస దగ్గర కొలిచింది. ఇంత సన్నగా, ఇంత నున్నగా ఉన్న వస్తువును తన బాల్కనీలో కూర్చుని ఈ పిల్ల ఎలా చేసిందో అనిపించింది. వేలితో రాస్తే ఎక్కడా గరుకు తగలలేదు. మందపాటి పసుపుపచ్చ గుడ్డ, లోపలికి మెత్తటి అస్తరు తీసి, సుద్దతో గీసి, కత్తిరించడం మొదలుపెట్టింది. నర్సు గుమ్మం దగ్గర కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా, ఒకటడగనా? నా చేతులు చూస్తే ఏమన్నా వణుకుతున్నట్టున్నాయా?"

"ఎందుకే?"

"చూడండి." రెండు చేతులూ చాపింది. కదలకుండా ఉన్నాయి. గోళ్ళు పొట్టిగా కత్తిరించి, అరచేతులు సబ్బుకు పొడిబారి ఉన్నాయి. "మొన్నటి నుంచీ అదే ఆలోచన. బజర్ వినగానే తిప్పాననే అనుకున్నా. కానీ ప్రతిసారీ అంత దూరం పోయింది. చెవికీ చేతికీ మధ్య ఎక్కడో లేటవుతోంది నాకు. నిన్న వార్డులో ఒకాయనకి సూది పెట్టాలి, నరం దొరకలేదు. మళ్ళీ మళ్ళీ గుచ్చాల్సొచ్చింది. పాపం ఆయన ఏమీ అనలేదు. ముందెప్పుడూ నాకలా అవలేదక్కా. పక్క వార్డు నర్సుని పిలిచా. తను ఒక్కసారికే పెట్టేసింది."

టైలరమ్మ మిషను కింద గుడ్డ పెట్టి, పాదం వాల్చి, తొక్కడం మొదలుపెట్టింది. చప్పుడులో తన ముఖం దాచుకోవచ్చు అన్నట్టు గబగబా తొక్కింది.

"నీ చేతులకేం తక్కువలేదు," అంది.

"మీరలాగే అంటారు."

ఇప్పుడు చెప్పెయ్యాలి. ఒక్క మాట చాలు. ఈ పిల్ల చేతులు ఈ పిల్లకు తిరిగొస్తాయి. చెబితే అది ఎక్కడికి పోతుంది? కార్యదర్శి దగ్గరికి, క్లబ్బు దగ్గరికి, చివరికి ఎందుకు చేశావంటే ఆయన చెప్పే కారణం దగ్గరికి. ఎండిపోతున్న ఆ నరం దగ్గరికి. నోటిదాకా వచ్చిన మాట దగ్గర దారం తెగింది. ఆమె వంగి, కొస నోట్లో తడిపి, సూదిలోకి ఎక్కించింది. ఎక్కించి మళ్ళీ తొక్కింది.

"పొద్దున బావగారు ఫోన్ చేశారు," అంది నర్సు. "ఆఖరి పోటీలో తన గ్లైడర్ నన్నే విసరమన్నారు. నేను విసిరితే తిన్నగా వెళ్తుందట. అదన్నా చేతవుతుందేమోలెండి నాకు."

టైలరమ్మ సంచికి మామూలుగా వేసే కుట్టు మీద ఇంకో వరస కుట్టు వేసింది. మూలల్లో అస్తరు రెండు పొరలు పెట్టింది. ఎవరూ అడగని జేబు ఒకటి కుట్టింది. పట్టుకోవడానికి పట్టీ వేసి, అది గట్టిగా ఉందో లేదో లాగి చూసి, మళ్ళీ కుట్టింది.

"ఎంత బాగా కుట్టారక్కా! ఇంత ఎందుకు?" అంది నర్సు.

ఆమె దారం కొరికింది. "ఊరికే," అంది.

*

పోటీ రోజు పొద్దున ఆయన బాల్కనీలో కూర్చుని ఎర్ర గ్లైడర్ రెక్కను ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని, అంచు వెంబడి వేళ్ళు నడిపిస్తున్నాడు. ఎక్కడైనా చిన్న గాటు తగిలితే ఆగి, దాని మీద సన్నటి కాగితంతో రుద్దుతున్నాడు. టైలరమ్మ రొట్టెముక్కలు డబ్బాలో సర్దుతూ గుమ్మంలోంచి చూసింది. ఇన్నాళ్ళూ అది శ్రద్ధ అనుకుంది.

డబ్బా మూత పెట్టి, వచ్చి ఎదురుగా నిలబడింది. పక్కన నిలబడితే కనబడనని ఇప్పుడు తెలుసు.

"ఏమండీ. ఆ రోజు బజర్ ఆలస్యంగా నొక్కారు అన్నయ్య. నర్సు ఎగరేసినంతసేపూ. నేను చూశాను."

ఆయన వేళ్ళు ఆగాయి. కళ్ళు తెరవలేదు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"చెవులు బాగానే ఉన్నాయిగా నాకు. గ్లైడర్ ఎక్కడుందో దాని చప్పుడుకే తెలుస్తుంది. బజర్ ఎంత వెనకబడిందో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. గాలి మాస్టారు నా భుజం తట్టాడు కూడా. ఎగరేస్తున్న పిల్లకొక్కదానికే తెలీదు. దాని ధ్యాసంతా గ్లైడర్ మీదే ఉంటుంది."

టైలరమ్మ గుమ్మం చెక్కను ఆనుకుంది. వారం పొడుగునా ఒక్కతే మోసిన రహస్యం ఇది. గొంతులో ముల్లులా పెట్టుకుని తిరిగింది. తీరా చూస్తే ఊరందరి దగ్గరా ఉన్న వస్తువే.

"మరి మీరేం చేశారు?"

"నేనా?" ఆయన కళ్ళు తెరిచాడు. సూటిగా ఆమెను చూశాడు. "సంతోషించాను. సిగ్గేసింది, అది తర్వాత. ముందు మాత్రం సంతోషమే వేసింది."

"కళ్ళ సంగతి కూడా చెప్పాడు అన్నయ్య."

ఆయన తల దించుకున్నాడు. కింద వీధిలో ఎవరో షట్టరు పైకెత్తుతున్న చప్పుడు.

"నాకు చెప్పకుండా ఎన్నాళ్ళుందామనుకున్నారు?"

"చెబితే నువ్వు ఏడుస్తావు. నువ్వేడిస్తే నేను ఉద్యోగం మానాలి."

"తప్పుకోండి. ఇవాళ ఆ పిల్లని ఎగరెయ్యనివ్వండి. జ్వరమని చెప్పండి."

"జ్వరమొస్తే సరిగ్గా ఇవాళే వచ్చిందా అంటారు. అడుగుతారు, తవ్వుతారు. ఈ ఊళ్ళో సగం లిఫ్టులు మా కంపెనీవే. మాట అక్కడికి చేరడానికి ఒక పూట చాలు. గొట్టంలోంచి చూసేవాణ్ణి షాఫ్టులోకి ఎవడు దింపుతాడు?"

"మరి ఇప్పుడు ఎలా దిగుతున్నారు?"

ఆయన రెక్క మీద వేళ్ళు మళ్ళీ నడిపించాడు.

"తడుముకుంటూ," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళింది. నీళ్ళ సీసాలు నింపింది, టోపీ తెచ్చి ఇచ్చింది. మెట్లు దిగుతుంటే మొదటిసారి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు.

*

ఆఖరి పోటీ జరిగే కొండ వీళ్ళ కొండ కన్నా ఎత్తు. లోయలోంచి గాలి ఒక్క ఊపున పైకొచ్చి, అంచున నిలబడ్డవాళ్ళను వెనక్కి తోస్తోంది. గ్లైడర్లు తేలిపోకుండా అందరూ రెక్కల్లో సీసపు కడ్డీలు దూరుస్తున్నారు. వేరే క్లబ్బులవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు, గొడుగులు, కుర్చీలు. కొండవాలు దిగువన మలుపు దగ్గర కొందరు పిల్లల్ని పెట్టుకుని గడ్డిలో కూర్చున్నారు. గుంజల దగ్గర ఇవాళ వేరే మనుషులున్నారు. టైలరమ్మకు పనిలేదు. భర్త వెనకాల నీళ్ళ సీసా పట్టుకుని నిలబడింది.

మొదటి రెండు విడతల్లోనూ ఆయన బాగా ఎగరేశాడు. ఎంత బాగా అంటే, కార్యదర్శి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నర్సు గ్లైడర్‌ను తలపైకెత్తి, నాలుగడుగులు పరిగెత్తి, గాలి ఒళ్ళోకి విసిరేది. అది విసిరినట్టు ఉండేది కాదు, వదిలినట్టు ఉండేది. ఆయన మెడ పిట్ట మెడలా చకచకా తిరుగుతూ గ్లైడర్‌ను వదలకుండా పట్టుకునేది. చూసేవాళ్ళు అది ఆయన అలవాటనుకున్నారు. ఎందుకలా తిప్పుతున్నాడో టైలరమ్మకు తెలుసు. ప్రతి మలుపు దగ్గరా ఆమె ఊపిరి బిగబట్టి, బజర్ మోగాక వదిలేది.

మూడో విడతకు క్లబ్బు రెండో స్థానంలో ఉంది. మబ్బులు విడిపోయి, వాటి అంచుల్లోంచి వెలుగు తెల్లగా, కళ్ళలో కొడుతూ వస్తోంది. నర్సు విసిరింది. అటు ఒక మలుపు, ఇటు ఒక మలుపు, మళ్ళీ అటు. ఆరో మలుపులో గాలి ఒక పక్కనుంచి తన్నింది. గ్లైడర్ అనుకున్న చోట కాకుండా కాస్త పైకి లేచి తిరిగింది. ఆయన మెడ తిరిగింది. ఆగింది. ఇటు తిరిగింది. అటు తిరిగింది.

"ఎక్కడ?" అన్నాడు, ఎవరికీ వినబడనంత మెల్లగా.

పక్కనే ఉన్న నర్సుకు వినబడింది. "ఎడమ పక్క బావగారూ, పైన. లాగండి. ఇంకా, ఇంకా లాగండి!"

గ్లైడర్ ముక్కు కిందికి దించింది. దిగువన గడ్డిలో కూర్చున్నవాళ్ళ వైపు ఈల వేసుకుంటూ దిగుతోంది. ఎవరో ఆడమనిషి కేక వేసింది.

"కనబడట్లేదు," అన్నాడాయన. "తీసుకో." రిమోటును గొంతు వినబడిన వైపు గాలిలోకి చాపాడు.

నర్సు అందుకుంది. ఆమె చేతులు ఏం చేశాయో ఎవరూ చూడలేదు. అందరూ గ్లైడర్‌ను చూశారు. అది పిల్లల తలల మీద గొడుగులు ఊగేంత దగ్గరగా వచ్చి, ముక్కు ఎత్తి, కొండవాలును రాసుకుంటూ పైకెక్కి, అంచు దాటి, వెనకనున్న గడ్డిలో బుద్ధిగా వాలింది. ఒక్క గీత కూడా పడలేదు.

రిమోటు చేతులు మారితే ఆ విడత సున్నా. క్లబ్బు రెండో స్థానంలోంచి ఆఖరికి వెళ్ళిపోయింది.

"ఎవరు తీసుకోమన్నారు నిన్ను?" కార్యదర్శి పరిగెత్తుకుంటూ వచ్చాడు. రొప్పుతున్నాడు.

"ఆయనిచ్చారండి."

"ఇస్తే తీసుకుంటావా? ఇంకో నాలుగు మలుపులమ్మా! నాలుగే!"

"రిజర్వు వాళ్ళని అసలు ఎగరేసేవాళ్ళ దగ్గరికి రానివ్వకూడదు," అన్నాడు గాలి మాస్టారు. "చెవి దగ్గర అలా అరిస్తే ఎవడికైనా చెయ్యి తడబడుతుంది. తను ఎగరెయ్యలేదన్న దుగ్ధ మనసులో ఉంటే ఇలాగే ఉంటుంది."

నర్సు లిఫ్టు మెకానిక్కు వైపు చూసింది. ఆయన చెబుతాడని చూసింది. కనబడలేదని ఆయన నోటితో ఆయనే అన్నాడు, పక్కనున్న ఆమె విన్నది. ఆయన గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని గ్లైడర్ రెక్క విప్పుతున్నాడు. మర ఊడి వచ్చినా తిప్పుతూనే ఉన్నాడు. తల ఎత్తలేదు.

అప్పుడు టైలరమ్మకు నోరొచ్చింది. భర్త కళ్ళ సంగతి ఆమె చెప్పలేదు. అది చెప్పే హక్కు తనకు లేదనుకుంది, ధైర్యం కూడా లేదు. తను చూసినది చెప్పింది.

"ఈ పిల్ల ఇవాళ రిజర్వులో ఉండాల్సింది కాదు," అంది.  "ఆ రోజు మన కొండ మీద నేను గుంజల దగ్గరున్నా. నేను ఆఁ అన్నాక అన్నయ్య మీట నొక్కకుండా ఆగారు. ప్రతి మలుపులోనూ ఆగారు. ఈ పిల్ల చేతులు లేటు కాలేదు. బజర్ లేటు చేశారు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను."

అరుపులు వస్తాయనుకుంది. నిజమా అంటారనుకుంది. ఎవరూ అనలేదు. ఒకాయన కుర్చీ మడిచాడు. ఇంకొకాయన సీసపు కడ్డీలు డబ్బాలో వేసుకుంటూ ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. తెలిసిన కబురు మళ్ళీ విన్నవాళ్ళలా అందరూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. గాలి మాస్టారు మాత్రం ఆకాశంలోకి చూసి, "గాలి తిరుగుతోంది. సర్దుకోవాలి," అన్నాడు.

"చెల్లెమ్మకి ఎండ తగిలింది," అన్నాడు కార్యదర్శి మెత్తగా. "ఎవరన్నా కాస్త నీళ్ళివ్వండి."

నర్సు ఒక్కతే ఆమె ముందుకు వచ్చి నిలబడింది.

"మీకు ఆ రోజే తెలుసా అక్కా?"

"తెలుసు."

"నేను మీ ఇంటికొచ్చినప్పుడు? నా చేతులు చూడమని అడిగినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

టైలరమ్మ ఆ పిల్ల ముఖంలో తేలిక కోసం వెతికింది. తప్పు చేతులది కాదని తెలిసింది కదా, ఊపిరి తీసుకుంటుందనుకుంది. ఆ పిల్ల ముఖం అలాగే ఉంది. పైగా ఏదో ఒకటి, ఇన్నాళ్ళూ అక్కా అని పిలిచినప్పుడల్లా వెలిగేది, నెమ్మదిగా ఆరిపోయింది.

"నేను వార్డులో ఆయన చెయ్యి పట్టుకుని నరం కోసం వెతుకుతుంటే చేతులు విరిచేసుకోవాలనిపించిందక్కా," అంది. గొంతు పెంచలేదు. "వాళ్ళంటే సరే. వాళ్ళని నేనడగలేదు. మిమ్మల్ని అడిగాను."

గ్లైడర్ ఉన్న పసుపుపచ్చ సంచిని తీసుకుని, భుజాన వేసుకుని, కొండ దిగే బాట పట్టింది. కింద రోడ్డు మీద బస్సు దొరుకుతుంది. టైలరమ్మ ఆమె వెనకే నడిచింది. పిలవలేదు. పిలిస్తే ఏమని పిలవాలో తెలియలేదు. బాట రెండో మలుపు దాకా వెళ్ళాక నర్సు ఆగింది. తల తిప్పకుండానే, "రాకండి," అంది. మళ్ళీ నడిచింది.

ఆగమన్నా ఆగకుండా వెళ్ళాలనిపించింది టైలరమ్మకు. బస్సెక్కి పక్కన కూర్చోవాలి, మాట్లాడకపోయినా సరే కూర్చోవాలి, ఆ పిల్ల ఆసుపత్రి గేటు దాకా వెళ్ళాలి. ఒక అడుగు వేసింది కూడా. పైనుంచి వ్యాను హారన్ వినబడింది. వెనక్కి చూసింది.

అందరూ వ్యాను ఎక్కేశారు. ఆయన ఒక్కడే బయట ఉన్నాడు. తలుపు దానంతట అదే మూసుకుపోయినట్టుంది. ఒక చంకలో ఎర్ర రెక్క, ఇంకో చెయ్యి వ్యాను రేకు మీద. ఆ చెయ్యి అద్దం మీదికి వెళ్ళింది, చక్రం పైకి దిగింది, మళ్ళీ పైకి పాకింది. హ్యాండిల్ దాని పక్కనే ఉంది.

"ఎక్కు బావా, ఎంతసేపు?" లోపల్నుంచి కార్యదర్శి గొంతు.

బాట కింద పసుపుపచ్చ చుక్క బండల మధ్య ఒకసారి కనబడి మాయమైంది. టైలరమ్మ వెనక్కి తిరిగింది. నడిచింది. తర్వాత పరిగెత్తింది. వచ్చి ఆయన చెయ్యి తీసి హ్యాండిల్ మీద పెట్టింది. ఆయన తలుపు తెరిచి, లోపలికెక్కి, కిటికీ దగ్గర కూర్చుని రెక్కను ఒళ్ళో పెట్టుకున్నాడు.  వ్యాను కదిలింది.

"ఆ అమ్మాయి ఎక్కిందా?" అని అడిగాడాయన, ఎదురుగా చూస్తూ.

నర్సుకని ఉంచిన సీటు ఆయన భుజం పక్కనే ఖాళీగా ఉంది. వ్యానులో అందరికీ కనబడుతోంది. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయన చెయ్యి రెక్క మీంచి లేచి, మెల్లగా ఆ సీటు వైపు రాసాగింది. అది తగిలి తెలుసుకునేలోపే టైలరమ్మ లేచి వెళ్ళి అందులో కూర్చుంది.